గాలి కాదు, కాలు

బట్టల మిల్లులో ఆమెను అందరూ రేడియో అనేవాళ్ళు. మేస్త్రీ దగ్గర్నుంచి క్యాంటీన్లో టీ పోసే ముసలాయన దాకా, అసలు పేరుతో పిలిచిన పాపాన ఒక్కరూ పోలేదు. ఆ పేరు ఊరికే రాలేదు. ఒకే రేకుల కప్పు కింద నూట ఇరవై మగ్గాలు కలిసి కొట్టుకుంటుంటే, పక్కన నిలబడి గొంతు చించుకున్నా ఎదుటి మనిషికి వినపడదు. అలాంటి చోట తూర్పు గోడ దగ్గర ఎవరో నవ్వుతూ అన్న మాట పడమటి గోడ దగ్గరకు చేరాలంటే నిమిషం పట్టేది కాదు. చేరవేసేది ఆమె.

పందొమ్మిదో ఏట ఆమె మొదటిసారి ఆ షెడ్డులో అడుగుపెట్టినప్పుడు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. మోత చెవుల్లోంచి కాదు, అరికాళ్ళలోంచి ఎక్కింది. మేస్త్రీ ఏదో చెప్పి వెళ్ళిపోయాడు, ఒక్క ముక్క అందలేదు. దారం తెగి మగ్గం ఆగింది. ఏం చెయ్యాలో తెలియక దిక్కులు చూస్తుంటే, పక్క మగ్గం మీద పనిచేసే పెద్దావిడ వచ్చి ఆమె గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. మిల్లులో అందరికీ ఆవిడ పెద్దమ్మే.

పెద్దమ్మ పెదాలు కదిపింది. అరవలేదు, సాగదియ్యలేదు, ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నట్టే కదిపింది. ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ కదిపింది. మూడోసారికి 'ముడి' అన్న మాట అందింది. ముడి వెయ్యమంటోంది!

టీ విరామంలో పెద్దమ్మ చెప్పింది: "ఇక్కడ చెవులు గుమ్మం బయట వదిలేసి రావాలే పిల్లా. కళ్ళతో విను. నాలుగు నెలలు కష్టంగా ఉంటుంది, ఆ తరవాత నీకే తెలియకుండా వచ్చేస్తుంది."

నాలుగు నెలలు పట్టలేదు, మూడు నెలలకే వచ్చేసింది. అప్పుడో వింత జరిగింది. ఒకరోజు పెద్దమ్మ ఆరు మగ్గాల అవతల నుంచి ఏదో అంది. ఆమెకు ఆ బొంగురు గొంతు, ఆ దీర్ఘాలు, మధ్యలో దగ్గు, అన్నీ చక్కగా వినిపించాయి. అంత మోతలో ఆరు మగ్గాల అవతలి గొంతు వినపడడం జరిగే పని కాదు. తనకేమైనా పిచ్చి పడుతోందేమోనని భయపడి ఎవరితోనూ అనలేదు.

విద్య ముదిరాక ఆమె చూపు షెడ్డు దాటి మేనేజరు అద్దాల గది దాకా పోయింది. ఒకసారి ఆ గదిలో మేనేజరు, ఇంకో అధికారి కూర్చుని, అరగంట భోజన విరామాన్ని ఇరవై నిమిషాలకు కుదిద్దామని మాట్లాడుకున్నారు. వాళ్ళు కుర్చీల్లోంచి లేవకముందే మాట నూట ఇరవై మగ్గాలకూ పాకింది. సాయంత్రం కాగితం గోడకు అంటించేసరికి పనివాళ్ళంతా జవాబు సిద్ధం చేసుకుని గుంపుగా నిలబడి ఉన్నారు. విరామం అరగంటే ఉండిపోయింది. తన గదిలో మాటలు ఎవరు చేరవేస్తున్నారో తేల్చుకోలేక మేనేజరు ఇద్దరు గుమాస్తాలను మార్చాడు. చివరికి ఎవరో చెప్పారో, తనకే తట్టిందో, అద్దానికి పరదా కట్టించాడు. ఆ పరదాను చూసినప్పుడల్లా ఆమెకు పతకం ఇచ్చినంత సంబరంగా ఉండేది.

ముప్పై ఒక్క ఏళ్ళు అలా గడిచాయి. మిల్లుకు కొత్త యంత్రాలు వచ్చాయి, పాత మగ్గాలను తీసేసి, పాతవాళ్ళను ఇంటికి పంపేశారు, ఆమెతో సహా. ఆమె కొడుకు బస్సు నడుపుతాడు, పొద్దున పోతే పొద్దుపోయాకే వస్తాడు. కోడలు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. పగలు కాసేపు, సెలవు రోజున ఎక్కువసేపు, ఇంట్లో అత్తాకోడళ్ళే.

గొడవ అక్కడే మొదలైంది. "అత్తయ్యా!" అని కోడలు వంటింట్లోంచి పిలుస్తుంది, ఉలుకూ పలుకూ ఉండదు. రెండోసారి పిలుస్తుంది, అంతే. మూడోసారి విసురుగా ఎదురొచ్చి నిలబడితే, "ఏమ్మా?" అని చల్లగా అడుగుతుంది ఈవిడ. వినీ విననట్టు నటిస్తోందని కోడలికి కడుపుమంట. "మీ అమ్మగారు నా మాట పెడచెవిన పెడుతున్నారు" అని మొగుడితో ఒకటికి పదిసార్లు చెప్పింది. అతను ఇద్దరి మధ్యా నలిగి, బస్సే నయం అనుకుని తెల్లారేసరికి డ్యూటీకి పోయేవాడు.

ఇంకోటి కూడా కోడలికి అంతుపట్టలేదు. దుకాణం నుంచి ఫోన్ చేస్తే అత్తగారు "హలో, హలో, సిగ్నల్ లేదమ్మా" అని పెట్టేస్తుంది. ఆ ఫోన్ కోడలు స్వయంగా విప్పి, తుడిచి, బిగించి ఇచ్చింది. సిగ్నల్ ఎందుకు లేదు? ఇంటికొచ్చి చూస్తే నిక్షేపంగా పనిచేస్తోంది. ఓ రోజు విసుగుపుట్టి వీడియో కాల్ చేసింది. దుకాణంలో గోల, బయట వీధిలో హారన్లు. ఆ గోలలో తన మాట తనకే వినపడక, "గ్యాస్ బండ వస్తే తీసుకోండి" అని నోట్లో నోట్లోనే గొణిగింది.

"అలాగే, నువ్వు తిన్నావా?" అంది అత్తగారు, తడుముకోకుండా.

కోడలి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. మర్నాడు అత్తగారి వెనక నిలబడి బాగా గట్టిగా పిలిచింది. పలకలేదు. ఎదురుగా వచ్చి, గొంతు అసలు కలపకుండా, ఉత్త పెదాలతో "టీ తాగుతారా?" అంది.

"చక్కెర తక్కువ వెయ్యి" అంది అత్తగారు.

కోడలు టీ పెట్టలేదు. అక్కడే కుర్చీలో కూలబడి, "అత్తయ్యా, మీకు చెవులు వినపడవు కదూ?" అంది.

"నాకేం? నీకంటే బాగా వినపడతాయి" అంది ఆమె. అబద్ధమాడాలని అనలేదు. నిజంగా అలాగే అనుకుంటోంది.

*

ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసే అమ్మాయి ఆమెను చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, శబ్దం వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమంది. అమ్మాయి అవతల ఒకటి తరవాత ఒకటి శబ్దాలు పంపుతూనే ఉంది, ఈవిడ ఎప్పుడో ఒకటి రెండుసార్లు తప్ప బటన్ జోలికి పోలేదు. మిగతాసేపు పరీక్ష ఆగిందేమో అనుకుంది. బయటికొచ్చాక అమ్మాయి కాగితం చూపించింది. దాని మీది గీత ఎడమవైపు కాస్త మెరుగ్గా ఉండి, కుడివైపుకు పోయేకొద్దీ మెట్ల మీంచి జారినట్టు పడిపోయింది.

"లావు శబ్దాలు కొంచెం అందుతున్నాయి. స, ష, త, క లాంటి సన్నవి దాదాపు పోయాయి. ఇలాంటి చెవులతో మీరు నాతో ఇంత తేలిగ్గా ఎలా మాట్లాడుతున్నారమ్మా? ఇప్పటిదాకా ఒక్క మాట కూడా తిరిగి అడగలేదు!"

ఆమె మిల్లు సంగతి చెప్పింది. పెద్దమ్మ సంగతీ, అద్దాల గది సంగతీ, పరదా సంగతీ. అమ్మాయి నవ్వి, కంప్యూటరు వాళ్ళిద్దరి వైపు తిప్పింది. తెరమీద ఒక మొహం. "ఏం వినపడుతోందో చెప్పండి. ముందు మీ కోడలు చెప్పాలి."

"ద, ద, ద" అంది కోడలు.

"ఇప్పుడు కళ్ళు మూసుకోండి."

కోడలు మూసుకుని, ఉలిక్కిపడి తెరిచింది. "బ అంటున్నాడేంటి! మళ్ళీ మార్చారా?"

"నేనేం మార్చలేదు. గొంతు 'బ' అంటోంది, పెదాలు 'గ' అంటున్నాయి. రెంటినీ కావాలనే కలిపి పెట్టాం. చెవి ఒకటి చెప్పి, కన్ను ఇంకొకటి చెబితే, చాలామంది మెదడు రాజీపడి మధ్యలో 'ద' అని తేలుస్తుంది. ఆ రాజీ జరిగినట్టు మనకు తెలియను కూడా తెలియదు, 'ద' విన్నామనే ఒట్టేసి చెబుతాం. మాటను మనం చెవులతోనే వింటామనుకుంటాం కానీ, మెదడు దొరికిన ఆధారమల్లా వాడుకుంటుంది. సరే, మీకేం వినపడిందమ్మా?"

"గ" అంది ఆమె. "శుభ్రంగా గ."

అమ్మాయి ఏదో రాసుకుంది. "మీ మెదడు ఎన్నో ఏళ్ళుగా కళ్ళనే నమ్ముతోంది. చెవి మాట పక్కన పెట్టేసింది."

ఆమె, ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది, మెల్లగా అడిగింది. "మోతలో మా పెద్దమ్మ పెదాలు కదిపితే నాకు ఆవిడ గొంతు వినపడేది. నిజంగా వినపడేదమ్మా, దగ్గుతో సహా. అది పిచ్చా?"

"పిచ్చేమీ కాదు. మాట్లాడే పెదాలను శబ్దం లేకుండా చూస్తున్నా, మెదడులో వినడానికి ఉన్న భాగం కూడా పనిచేస్తుందని పరీక్షలు చేసి చూశారు. ఆవిడ గొంతు మీకు తెలుసు. కన్ను మాటను అందిస్తే, మెదడు గొంతును అందించింది." అమ్మాయి ఇంకో మాట కూడా అంది. "ఇది నేర్చుకోవడానికి జనం ఏళ్ళ తరబడి తిప్పలు పడతారు. మీ అంత బాగా వచ్చినవాళ్ళను నేను ఇంతవరకూ చూడలేదు."

బస్సులో ఆమె ఆ మాటే తలుచుకుంటూ కూర్చుంది. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. తనకు వచ్చింది పని మాత్రమే అనుకుంది, అదొక విద్య అని ఎవరూ చెప్పలేదు. బస్సు దిగాక కోడలు ఆమె చెయ్యి పట్టుకుని, మొహం ఎదురుగా పెట్టి, "నేను ఏడాదిగా మిమ్మల్ని తిట్టుకున్నాను అత్తయ్యా" అంది.

"తెలుసు. సగం తిట్లు నా వైపు తిరిగే తిట్టావు కదా" అంది ఆమె. ఇద్దరూ రోడ్డు మీదే పగలబడి నవ్వారు.

*

చెవి యంత్రం పెట్టుకున్న మొదటి వారం నరకం. కుళాయి నీళ్ళు, కాగితం మడత, తన చెప్పులు, అన్నీ ఒకేసారి మీదపడ్డాయి. "మళ్ళీ మిల్లులో పడేశారు నన్ను" అని విసుక్కుంది. నెల తిరిగాక మాత్రం పెదాలు, శబ్దం జతకలవడం మొదలైంది. ఉత్త పెదాలతో జారిపోయే మాట, ఉత్త యంత్రంతో ముద్దగా ఉండే మాట, రెండూ కలిస్తే కడిగినట్టు స్పష్టంగా వచ్చేది.

అప్పుడే ఆ వినికిడి అమ్మాయి నుంచి వీడియో కాల్ వచ్చింది. "అమ్మా, మీరు ఒకసారి ఆసుపత్రికి రాగలరా? మీ చెవుల కోసం కాదు, మీ కళ్ళు కావాలి."

రెండో అంతస్తు వార్డులో లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నాడు. ఊపిరి జబ్బు ముదిరితే గొంతుకు చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టారు. గాలి ఆ గొట్టంలోంచే వచ్చిపోతుంది కాబట్టి గొంతు పలకదు. చేతుల్లో సత్తువ లేదు, రాయలేడు. అక్షరాల అట్ట చూపిస్తే రెండు అక్షరాలకే అలసి కళ్ళు మూసుకుంటున్నాడు. రెండు రోజులుగా ఒకే మాట అంటున్నాడు. భార్యకూ నర్సులకూ అది 'గాలి' అనిపించింది. ఫ్యాను పెంచారు, కిటికీ తీశారు, డాక్టర్లు ఆక్సిజన్ చూశారు, అన్నీ బాగానే ఉన్నాయి. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపి, చివరికి కోపంతో మొహం గోడకు తిప్పేసుకున్నాడు.

వార్డులో అడుగుపెట్టగానే చూస్తే అందరికీ మాస్కులు. హెడ్ నర్సు ఏదో చెబుతోంది, యంత్రంలో గుసగుస తప్ప మాట లేదు. పెదాలు లేని మొహాల మధ్య ఆమె ఒక్కసారిగా నిజంగా చెవిటిది అయిపోయింది. వెనక్కి పోదామా అనుకుంది. ఆ గదిలో మాస్కు లేని మొహం ఒక్కటే, మంచం మీదది. నేరుగా అక్కడికే వెళ్ళింది.

"మాస్టారూ, నేను మిల్లులో ముప్పై ఏళ్ళు పెదాలు చూసే బతికాను. మీరు గొంతు చించుకోనక్కర్లేదు, సాగదీసి చెప్పనక్కర్లేదు. క్లాసులో పిల్లలకు చెప్పినట్టు మామూలుగా చెప్పండి."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. 'ఇంకో దండగమారి వచ్చింది' అన్నట్టుంది ఆ చూపు. అయినా పెదాలు కదిపాడు.

"మళ్ళీ."

మళ్ళీ కదిపాడు.

ఆమె హెడ్ నర్సు వైపు తిరిగింది. "గాలి కాదమ్మా, కాలు. క అన్నా గ అన్నా నోరు ఒకేలా ఉంటుంది, అవి గొంతు దగ్గర పుట్టేవి, పెదాల మీదికి రావు. తేడా అంతా చివర్లో. గాలి అంటే పెదాలు పక్కలకు సాగాలి. ఈయనకు ముందుకు ముడుచుకుంటున్నాయి. కాలు అంటున్నారు."

మాస్టారి కళ్ళు పెద్దవయ్యాయి. పెదాలు గబగబా కదలసాగాయి. ఆమె వెంట వెంటనే అందుకుంటూ పోయింది. "ఎడమ... పిక్క... రాయిలా ఉంది... నొప్పి... రెండు రోజుల నుంచి చెబుతున్నాను, నా మొహాన ఫ్యాను పెట్టారు."

హెడ్ నర్సు దుప్పటి తీసింది. ఎడమ పిక్క కుడిదానికంటే లావుగా ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉంది. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా డాక్టరును పిలవడానికి పరుగెత్తింది. గంటలో స్కాన్ తీశారు. కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టింది. వెంటనే మందు మొదలుపెట్టారు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయుంటే, ఉన్న జబ్బు మీద ఆయన తట్టుకునేవాడు కాడని తరవాత డాక్టరే చెప్పాడు. చెప్పేముందు ఆమె ఎదురుగా నిలబడి మాస్కు కిందికి లాగాడు.

మాస్టారి భార్య కూడా మాస్కు దించి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నేనే ఫ్యాను పెంచానమ్మా. రెండు రోజులూ నేనే పెంచాను."

"ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్న నేనే రెండోసారి చెప్పమన్నాను. మీకెలా తెలుస్తుంది?" అంది ఆమె.

ఆ రోజు నుంచి వారానికి మూడు రోజులు ఆమె ఆ వార్డుకు వెళ్ళడం మొదలుపెట్టింది. అన్నీ గెలుపులే అనుకుంటే పొరపాటు. గొట్టం పెట్టిన ఒక అమ్మాయి అదేపనిగా ఒక మాట అంటుంటే, "పాప అంటోంది, ఎవరైనా పాపను తీసుకురండి" అని చెప్పింది ఈవిడ. ఆ అమ్మాయికి పెళ్ళే కాలేదు. పాపం ఆ పిల్ల అంటున్నది 'మామ'. తనను పెంచిన మేనమామ కోసం చూస్తోంది. ప, బ, మ మూడింటికీ పెదాలు ఒకేలా కలుస్తాయి, కంటికి తేడా దొరకదు. మిల్లులో అయితే ఎవరింట్లో ఎవరున్నారో తెలుసు కాబట్టి మెదడు సరైన మాటను తనే ఏరుకునేది. ఇక్కడ కొత్త మనుషులు. సిగ్గుతో ఆ సాయంత్రం ఆమె ముద్ద ముట్టలేదు. మర్నాడు మాత్రం ఒక అట్టమీద, ఒకేలా కనపడే అక్షరాలన్నీ గుంపులుగా రాయించింది. అనుమానం వస్తే ఊహించకుండా అడగాలని కింద రాయించింది. పిల్లలెవరు, ఇంట్లో ఎవరున్నారు, ఏ పని చేస్తారు అని ముందే కుటుంబాన్ని అడిగి తెలుసుకోవడం అలవాటు చేసుకుంది. మేనమామ వచ్చిన రోజు ఆ అమ్మాయి ఈవిడ వైపు చూసి పెదాలతో ఏదో అంది. ఏమందని హెడ్ నర్సు అడిగితే, "అది మా ఇద్దరి మధ్య" అంది.

మాస్టారికి నెలన్నరకు గొట్టం తీశారు. గొంతు పలికే రోజున ఆమెను ప్రత్యేకంగా పిలిపించారు. ఇన్నాళ్ళూ ఆమె మెదడు ఆయనకో గొంతు అమర్చి పెట్టింది. లెక్కల మాస్టారు కదా, బోషాణం మూత వేసినట్టు గంభీరంగా ఉండే గొంతు. ఆయన నోరు తెరిచి, "నమస్కారమమ్మా" అన్నాడు. సన్నగా, కీచుగా, పిట్ట కూసినట్టు. ఆమెకు నవ్వు ఆగలేదు. చెవి యంత్రం తీసి ఊది మళ్ళీ పెట్టుకుంది.

"ఏమైంది?" అన్నాడాయన.

"ఏం లేదు మాస్టారూ. మీకు నేనిచ్చిన గొంతే బాగుంది."

ఆయనా నవ్వాడు. ఈ గొంతుతోనే నలభై ఏళ్ళు పిల్లలను హడలగొట్టానని చెప్పాడు.

ఆసుపత్రి వాళ్ళు తరవాత ఒక శిక్షణ పెట్టారు. కింది హాల్లో నలభైమంది నర్సులు, ఎదురుగా తెర. శబ్దం తీసేసి వీడియో వేస్తారు, పెదాలు చూసి మాట చెప్పాలి. మొదటిసారి నలభైమందిలో ముగ్గురికి వచ్చింది. ఆమె ముందు నిలబడి పెద్దమ్మ చెప్పినట్టే చెప్పింది. నోరు మాత్రమే కాదు, బుగ్గలు చూడండి, గొంతుక చూడండి, కనుబొమలు చూడండి, మాట మొహమంతా ఉంటుంది. పేషెంటుతో మాట్లాడేటప్పుడు వీలైతే మాస్కు కాస్త తీసి, లేదంటే రాసి చూపించండి, అవతలివాళ్ళలో నాలాంటివాళ్ళూ ఉంటారు. వెనక వరసలో ఒక డాక్టరు నోట్సు రాసుకుంటున్నాడు. ఆమె చూసింది. మాట్లాడుతూనే నడుం ఇంకాస్త నిటారుగా చేసుకుంది. వినికిడి అమ్మాయి ఓ మూల నిలబడి పక్కావిడతో, శబ్దం లేకుండా, 'ఈవిడను కనిపెట్టింది నేనే' అనడం కూడా ఆమె చూసింది.

శిక్షణ ముగిశాక హెడ్ నర్సు ఒక బ్యాడ్జీ ఆమె భుజం కింద గుచ్చింది. నీలి రంగు. పైన ఆమె పూర్తి పేరు, కింద 'సంభాషణ సహాయకురాలు' అని అచ్చు.

ఆమె నేరుగా ఇంటికి రాలేదు. కూరగాయల బజారు మీదుగా, తపాలా ఆఫీసు మీదుగా, అవసరం లేని రెండు వీధులు చుట్టి వచ్చింది. కోడలి దుకాణం ముందు ఆగింది. లోపల నలుగురు గిరాకీలు, రేడియో పాటలు, బయట హారన్లు. కోడలు తలెత్తి, బ్యాడ్జీ చూసి, స్క్రూడ్రైవరు కిందపెట్టింది. అద్దం ఇవతల అత్తగారు, అవతల కోడలు. కోడలు గొంతు కలపకుండా పెదాలు కదిపింది.

"మా అత్తయ్య" అంది. పక్కనున్న గిరాకీతో కూడా చెప్పింది, ఈసారి గట్టిగానే. అది కూడా ఆమెకు అద్దంలోంచే అందింది.